రేపటికెంత?

నెలాఖరు ఆదివారం రాత్రి మా ఇంట్లో సరుకుల చీటీ రాసే తంతు ఒకటుంది. నేను కాగితం పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటే, మా అత్తయ్య వంటింటి గూట్లోంచి ఒక్కో డబ్బా దించి మూత తీస్తారు. "ముందు ఉన్నదేమిటో చూడమ్మాయ్. కావలసింది తరవాత." కందిపప్పు డబ్బా ఒకసారి కుదిపి, అడుగున గలగలను బట్టి "ఇంకో నాలుగు రోజులు" అంటారు. తూకంతో పని లేదు. బొంబాయి రవ్వను మాత్రం అరచేతిలో పోసుకుని, వేలితో పలచగా పరిచి, దీపం కింద కాసేపు చూస్తారు. కదిలితే పురుగు. కదలకపోతే ఉప్మా.

విశాఖ రుషికొండలో కాపురమంటే సముద్రపు గాలితో కాపురం. ఉప్పు జాడీలో నీరు చేరుతుంది, బెల్లం చెమర్చి జిగటవుతుంది, అప్పడాలు వారం తిరక్కుండా మెత్తబడతాయి. కొనడానికేముంది, ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్తే గంటలో రెండు సంచులు నిండుతాయి. నిలవ పెట్టడమే పని. భక్తుల యోగక్షేమాలు తానే మోస్తానని గీతలో కృష్ణుడు చెప్పిన చోట, శంకరులు ఆ రెండు మాటలనూ విడదీసి చూపించారు. లేనిదాన్ని పొందడం యోగం, పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమం. వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పినట్టుంటుంది ఆ భాష్యం. చీటీ యోగం, డబ్బా క్షేమం. వెనకటి ఉత్తరాల్లో యోగక్షేమాలు అడిగారంటే, ఇంట్లో పప్పుందా, ఉన్నది పుచ్చలేదు కదా అని అడిగినట్టే.

అయితే ఎంత ఉంటే చాలు? మనుస్మృతితో నాకు పేచీలు చాలా ఉన్నాయి. కానీ నాలుగో అధ్యాయం మొదట్లోనే ఈ ప్రశ్నకు ఒక విచిత్రమైన కొలబద్ద ఉంది. గృహస్థుడైన బ్రాహ్మణుణ్ణి అక్కడ చదువుతోనో యజ్ఞాలతోనో కొలవలేదు, ఇంట్లో నిలవున్న గింజలతో కొలిచారు. గాదె నిండా ఉన్నవాడు కుసూలధాన్యుడు. కుండెడు ఉన్నవాడు కుంభీధాన్యుడు. మూడు రోజులకు సరిపడా ఉన్నవాడు మూడో తరగతి. నాలుగోవాడు అశ్వస్తనికుడు. 'శ్వః' అంటే రేపు. రేపటికంటూ ఏమీ లేనివాడన్నమాట. వీళ్లలో ముందువాడి కంటే తరవాతివాడు గొప్ప. గాదె అంటే ఎన్నాళ్ల గింజలన్న దాని మీద వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం కుదరలేదు. వాళ్లిళ్లలో గాదె అడుగు చూసివచ్చే పని ఇల్లాళ్లదే అయి ఉంటుంది, వాళ్లనడిగితే తేలిపోయేది.

నేను అనుమానం లేకుండా గాదె తరగతి. కింద ఒడ్డున పడవలు లాగే జాలర్ల ఇళ్లలో చాలామందికి ఆనాటి చేప అమ్ముడైతేనే ఆ పూట బియ్యం. అలాగని వాళ్లను అశ్వస్తనికులని కీర్తిస్తే అది పాపమే అవుతుంది. లేమిని వ్రతమని పిలిచే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. పైగా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలకూ ఏదో ఒకటి ముందుగా దాచుకోక తప్పదు. చాతుర్మాస్యంలో ఒక నెల కూరలు, ఒక నెల పెరుగు, ఒక నెల పాలు, ఒక నెల పప్పులు మానేయమన్నవాళ్లకు ఈ నిషేధం కొత్తగా అనిపించదు. తినడానికి క్రమం ఉన్నట్టే తినకపోవడానికీ ఒక క్రమం ఉండాలని వాళ్లకు తెలుసు.

మనుస్మృతిలోనే ఆరో అధ్యాయంలో, అడవికి వెళ్లిన వానప్రస్థుడికి ఒక విధి ఉంది. అంతకుముందు కూడబెట్టుకున్న మునిధాన్యాన్ని, చిరిగిన బట్టలను, దుంపలను, పళ్లను ఆశ్వయుజ మాసంలో వదిలేయాలి. మొదటిసారి చదివినప్పుడు ఇదేం దుబారా అనుకున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికి వచ్చింది. కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. పాలకు, నీళ్లకు బారులు. రెండో రోజు ఫ్రిజ్ తలుపు తీస్తే, కరిగిన మంచునీరు పాదాల మీదికి కారింది. బఠానీల పొట్లం, రెండు రకాల జున్ను, సగం వాడిన అల్లం ముద్ద, అన్నిటి వెనకా మూత బిగుసుకుపోయిన గిన్నెలో నల్లబడ్డ గోంగూర. అది ఏ నాటిదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అత్తయ్య చెడనివాటిని ఏరి, గ్యాసు పొయ్యి మీద పెద్ద గిన్నెడు కలగూర వండి, మెట్ల మీద కూర్చుని వచ్చినవాళ్లకల్లా వడ్డించారు. మిగతాదంతా గోతిలో పోశాం. తరవాతెప్పుడో పంచాంగం తిరగేస్తే, ఆ ఆదివారం ఆశ్వయుజ బహుళంలో పడింది. అపరిగ్రహం స్థిరపడితే పూర్వజన్మల సంగతి తెలుస్తుందంటాడు పతంజలి. నాకు గోంగూర గిన్నె సంగతే తెలియలేదు.

అప్పటి నుంచి ఇంకో మాట నన్ను పట్టుకుంది. ఆహారం అంటే 'తేబడేది' అని వ్యుత్పత్తి. ఛాందోగ్యంలో ఆహారశుద్ధి వల్ల సత్త్వశుద్ధి అన్నచోట శంకరులు ఆహారాన్ని నోటి దగ్గర ఆపలేదు. కళ్లూ చెవులూ లోపలికి తెచ్చే శబ్దాదుల జ్ఞానమంతా ఆహారమే అన్నారు. రామానుజులు మాత్రం తినే తిండే అని, జాతి, ఆశ్రయం, నిమిత్తం అనే మూడు దోషాలు లేకుండా చూసుకోమన్నారు. రవ్వను దీపం కింద పరిచినప్పుడు నేను రామానుజుల పక్షం. రాత్రి పదకొండింటికి ఫోను పట్టుకుని, నిమిషాల్లో ఇంటికి తెచ్చిపెట్టే యాప్‌లో అక్కర్లేనివన్నీ పైకి కిందికి జరుపుతూ కూర్చున్నప్పుడు శంకరుల పక్షానికి మారక తప్పడం లేదు. మనసనే ఆ లోపలి గూట్లో ఏముందో మూత తీసి చూడకుండానే చీటీ పెరుగుతూ పోతుంది. పోయినేడాది కోపం అడుగున అలాగే ఉంటుంది, దాని మీదే కొత్తది పోస్తాం. కుదిపి చూసేవాళ్లుండరు.

ఇప్పుడు చీటీతో పాటు వారం వంటలు కూడా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తున్నాను. సోమవారం ఆనపకాయ పప్పు, మంగళవారం దొండకాయ వేపుడు, గురువారం ఆవపెట్టిన పనసపొట్టు. కిందటిసారి రాస్తుంటే అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చూసి, "బుధవారం రాత్రి ఏమీ రాయకు" అన్నారు.

"ఎందుకత్తయ్యా?"

"ఎవరైనా రావచ్చు."

తిథి చెప్పకుండా వచ్చేవాడు కనుక అతిథి అని వాడుకలో చెబుతారు. వారం పట్టికలో అలాంటివాడికి గడి ఎక్కడ పెట్టాలో నాకు తట్టలేదు; ఆవిడకు తట్టింది. బుధవారం రాత్రి ఆవిడ ఎసట్లో పిడికెడు బియ్యం ఎక్కువే పోశారు.

ఎవరూ రాలేదు. మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, కాస్త అల్లం తరిగి వేసుకుని, మర్నాడు పొద్దున మేమే తిన్నాం.