మైదానం లేని చోట

పోయిన మార్చిలో, పసుపు సీజన్ జోరుగా ఉన్న రోజుల్లో, మా వీధి అమ్మాయి ఒకతె వచ్చి నా పక్కన కూర్చుంది. ఆర్మూర్‌లో ఒక పసుపు గోదాంలో లెక్కలు రాస్తుంది. కొమ్ము ఎన్ని సంచులు, మండ ఎన్ని, కాంటా మీద ఎంత తూగింది. గోళ్ళ సందుల్లో కూడా పసుపే. "అక్కా, మాకాడ పనిచేసేటాయన నన్ను ఇష్టపడుతుండు. నాకూ ఇష్టమే. ఒక్కకాడ పనిచేసుకుంట గిట్ల ఉండుడు తప్పా?" అని అడిగింది.

సాహిత్యంలో డాక్టరేట్ చేశాను కాబట్టి ప్రేమ గురించి నాకు బాగా తెలుసని ఆమె నమ్మకం. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మా అమ్మల తరంలో ఈ ప్రశ్నే లేదు. ఇంటి అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టిన ఆడవాళ్ళకు తోటి పనివాళ్ళంటే అత్తా, ఆడబిడ్డా, పక్కింటి వదినా. చేలో పసుపు తవ్వినా చుట్టూ అయినవాళ్ళే. కులం, చుట్టరికం అడ్డం రాకుండా ఒక మగవాడితో రోజూ మాట్లాడే చోటు, కోపం వస్తే ఎలా ఉంటాడో, హమాలీతో ఎలా మాట్లాడతాడో కళ్ళారా చూసే చోటు మా ఊరి ఆడపిల్లకు ఉద్యోగంతోనే వచ్చింది. పెళ్ళిచూపుల అరగంటలో ఇదేదీ తెలియదు. అందుకే పనిచోట ప్రేమలేమిటని పెద్దమనుషులు అంటే నాకు అనుమానం. క్రమశిక్షణ పేరు చెప్పి మన ఎంపికను మళ్ళీ ఇంటిపెద్దల చేతిలో పెట్టాలని చూస్తున్నట్టుంటుంది.

అయినా "తప్పేం లేదు పో" అనడానికి నోరు పెగల్లేదు.

కొన్నేళ్ళ కిందట నేనొక ప్రైవేటు కాలేజీలో గంటకింత అని పాఠాలు చెప్పేదాన్ని. అతను అక్కడ పర్మనెంటు. టైంటేబుల్ వేసేది అతనే. రెండేళ్ళు కలిసి తిరిగాం. చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. విడిపోదామన్నది నేను. అతను కక్ష కట్టలేదు, పరుషంగా ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడాది నా గంటలు పద్నాలుగు నుంచి ఆరుకి పడిపోయాయి. అడిగితే, "నీకు ఇబ్బందని, ఎదురుపడకుండా వేశాను" అన్నాడు. నిజమే చెప్పాడనుకుంటాను. కానీ అతను చూపిన మర్యాద ఖర్చు నా జీతంలోంచి పోయింది. స్టాఫ్‌రూంలో అతన్నెవరూ ఏమీ అడగలేదు. నన్ను మాత్రం అటెండరు కూడా జాలిగా చూశాడు.

చట్టం లేదా అంటారేమో. 1992లో రాజస్థాన్‌లో భన్వరీదేవిపై జరిగిన అత్యాచారం, 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం... అంత పోరాటం మీద వచ్చింది అది. పదిమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అంతకు తక్కువైతే జిల్లాలో స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. కానీ ఆ చట్టం పట్టుకునేది మనకు ఇష్టంలేని ప్రవర్తనని. నాకు ఇష్టం ఉండేది, తర్వాత పోయింది. పోయినందుకు పడిన కోతని ఏ కాగితం మీద ఏమని రాయాలి?

చలం 1927లో 'మైదానం' రాశాడు. క్లాసులో ఎన్నిసార్లో చెప్పాను. రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిన ఆ మైదానంలో ఆమెకు జీతం లేదు, హాజరుపట్టీ లేదు అన్న సంగతి నా గంటలు తగ్గిన తర్వాతే తట్టింది. మనలో చాలామందికి ప్రేమా కూడూ ఒకే గదిలో దొరుకుతున్నాయి. "సరే" అనే స్వేచ్ఛ ఇచ్చిన ఆ గదే, రేపు "వద్దు" అనాలంటే కూడు పోతుందేమోనని భయపెడుతుంది. ఆ భయం ఇద్దరికీ సమానంగా ఉంటే నాకు పేచీ లేదు.

"నీకు జీతం ఎవరిస్తరు?" అని అడిగాను ఆ అమ్మాయిని.

"సేటే ఇస్తడు. కని పనిదినాలు రాసేది ఆయనే."

"రేపు నీకు వద్దనిపిస్తే?"

"గట్లెందుకనిపిస్తదక్కా?" నవ్వింది.

"తప్పా అని నన్నడుగకు. నాకు వద్దనిపిస్తే ఈ గోదాంల నా కుర్చీ నాకుంటదా అని ఆయన్నడుగు. అడిగినప్పుడు ఆయన మొఖం చూడు."

ఆమె ఇంక నవ్వలేదు. ఇంతలో గోదాం నుంచి ఫోను. లారీ వచ్చిందట. "అడుగుత" అని చున్నీ సర్దుకుని వెళ్ళిపోయింది. అడిగిందో లేదో ఇంతవరకు చెప్పలేదు.