బెత్తం పక్కన పెట్టు తల్లీ

అమ్మలూ,

ఆదోని అవతల పల్లెలో నీకు పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న దిగాలుగా ఫోన్ చేశాడు. నేను మాత్రం మంచిదే అన్నాను. ఉద్యోగమంతా బడిపిల్లల మధ్యే చేసిన మేనత్తను కదా, నువ్వడక్కపోయినా నాలుగు మాటలు చెప్పే చనువు నాకుంది. పాఠం ఎలా చెప్పాలో నీకు ట్రైనింగులో నేర్పే ఉంటారు. పిల్లలు తమ కష్టాన్ని వచ్చి చెప్పుకునేలా మసలుకోవడం మాత్రం ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే. దాని గురించే ఈ ఉత్తరం.

ముందుగా బెత్తం ముట్టకు. నువ్వు చేరిన వారం తిరక్కుండానే ఎవరో ఒక తండ్రి కొడుకు రెక్క పట్టుకుని వస్తాడు. "కళ్లొక్కటి వదిలేసి ఎక్కడ కొట్టినా సరే మేడమ్, వీడికి నాలుగక్షరాలు రావాలి" అంటాడు. తనకు చదువు అబ్బలేదన్న బాధ అది. పక్కనే ఉన్న మాస్టారు దండం దశగుణం భవేత్ అని వంత పాడతారు. నువ్వు మాత్రం తలూపకు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదంది, మాటలతో వేధించకూడదనీ అంది. చట్టం సంగతి అటుంచు. ఇంట్లో తాగొచ్చి బాదే తండ్రి గురించి, బడిలో బాదే టీచరుకు ఏ పిల్లాడైనా చెప్పుకుంటాడా?

చెప్పుకోవాల్సినవి ఎన్ని ఉంటాయో తెలుసా? 2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక తెచ్చింది. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. సగానికి పైగా, అంటే 53 శాతం మంది, ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురైనవాళ్లు. మగపిల్లలూ దాదాపు ఆడపిల్లలంత మంది ఉన్నారు కాబట్టి వాళ్లకేం భయంలే అనుకోకు. ఈ వేధింపులు ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు బాగా తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పనేలేదు. పెద్దలకు ఎదురు చెప్పకూడదని ఊహ తెలిసినప్పటి నుంచీ నూరిపోస్తాం కదా, ఆ పెద్దే చెడ్డవాడైతే ఏం చెయ్యాలో చెప్పం.

ఇక నీ ఊరి సంగతి. ఆ వైపు వానలు మొండికేసినా, పంట చేతికొచ్చాక పని లేకపోయినా జనం మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు పోతారు. సుగ్గికి పోయినారంటారు అక్కడ. పిల్లలు వెంట వెళ్తే చదువు పోతుంది, ఊళ్లో ఉంటే అవ్వ చేతిలో పడతారు. అవ్వకు కళ్లు ఆనవు. ఎనిమిదేళ్ల పిల్ల పొయ్యి రాజేసి, నీళ్లు మోసి, తమ్ముణ్ని చంకనేసుకుని పది దాటాక బడికొస్తుంది. కూర్చున్న కాసేపటికే గోడకానుకుని నిద్రపోతుంది. వాడేమో పలక మీద ఉచ్చ పోస్తాడు. "నీ తమ్ముణ్ని మోసుకురావడానికి ఇదేమన్నా సత్రమా" అని నువ్వు కసిరావనుకో, మర్నాటి నుంచి రాదు. నువ్వు వాణ్ని అంగన్‌వాడీలో కూర్చోబెట్టించు. ఆ పిల్లకు సీజనల్ హాస్టల్లో చోటుందేమో హెడ్మాస్టరు వెంటపడి కనుక్కో. తల్లిని మాత్రం తప్పుపట్టకు. కడుపు నింపడానికే ఆమె బిడ్డను వదిలి పోయింది. ఉన్న కూలి డబ్బులు సారా కొట్లో పోసి బిడ్డను పస్తు పెట్టేవాడూ ఆమే ఒకటి కాదు. ఆ తేడా నీకు తెలియాలి.

విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పనులు మొదలయ్యాయంటే హాజరుపట్టీ మీద ఓ కన్నేసి ఉంచు. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వులకు ఒక్కోదానికీ చేత్తో అద్దాలి. చెట్టు ఎత్తుకు సరిపోతారని, కూలి తక్కువని ఆడపిల్లలనే కుదుర్చుకుంటారు. ఇంటికి ముందే అడ్వాన్సు ముడుతుంది. ఆ అప్పు తీరేదాకా పిల్లకు మందు కొట్టిన చేలే బడి. పేరు కొట్టేసే ముందు ఇంటికెళ్లు. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కగట్టాలని శాంతా సిన్హా గారు, ఆమె ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు రంగారెడ్డి జిల్లాలో పట్టుబట్టి, వేలమంది పిల్లల్ని బడి బాట పట్టించారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. ఏడో తరగతి ఆడపిల్ల ఉన్నట్టుండి మానేసిందంటే మాత్రం పెళ్లిమాటలు నడుస్తున్నాయేమో కూడా ఆరా తియ్యి.

ఏదో ఒకరోజు ఒక పిల్ల నీ కొంగు పట్టుకుని, "ఆ మామ ఉంటే నేనింటికి పోను టీచర్" అంటుంది. అప్పుడు నీ ముఖంలో గాభరా కనపడనీయకు. నలుగురిలో అడగొద్దు. అడిగిందే తిప్పి తిప్పి అడగొద్దు. "ఎవరికీ చెప్పన్లే" అని మాటివ్వొద్దు, అది నిలబెట్టుకోకూడని మాట. "చెప్పి మంచిపని చేశావు, నీ తప్పేం లేదు" అను చాలు. ఆ పిల్ల అన్నదన్నట్టుగా, తేదీ వేసి రాసుకో.

తర్వాత పెద్దమనుషులు దిగుతారు. ఊరి పరువంటారు, పిల్లకు రేపు పెళ్లి కావాలంటారు, ఎంతో కొంత ఇప్పించి రాజీ చేద్దామంటారు. వినకు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. కింద పనిచేసేవాడు చేసినదాన్ని సంస్థ పెద్దే కప్పిపుచ్చితే ఏడాది దాకా. మంచి మనసుతో చెప్పినవారిపై ఏ కేసూ ఉండదు. పిల్లను స్టేషనుకు ఈడ్చక్కర్లేదు, ఆమె ఉన్న చోటికే పోలీసులు యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఆ వచ్చేది మహిళా ఎస్సై అయ్యుండాలి. పిల్ల పేరు, ఊరు పత్రికల్లో రాకూడదు. ఇవన్నీ ఆ తల్లికి నువ్వే విడమర్చి చెప్పు, సగం భయం పోతుంది. పోలీసులంటే నీకే జంకుగా ఉంటే ముందు 1098కి ఫోన్ చెయ్యి. పగలూ రాత్రీ పలుకుతుంది, పైసా ఖర్చుండదు.

నువ్వు ఊరిని ఉద్ధరించక్కర్లేదు. చేరగానే మూడు పనులు చెయ్యి. ఆ 1098 నంబరును పిల్లల కంటికి ఆనేంత ఎత్తులో గోడ మీద రాయించు. అంగన్‌వాడీ టీచరునూ, గ్రామ సచివాలయంలో మహిళా పోలీసునూ కలిసి వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకో. ఇంటర్వెల్లో స్టాఫ్ రూముకు పోకుండా రోజూ కాసేపు పిల్లల్లో కూర్చో. సిలబస్ వెనకబడుతుందని ఎవరైనా దెప్పితే దెప్పనీ. ఆదివారాలు కూడబెట్టి అదైనా పూర్తి చెయ్యొచ్చు, మనసు విప్పబోయి నోరు మూసుకున్న పిల్ల మళ్లీ అడిగినా చెప్పదు.

వేళకు తిను. నీళ్లు కాచి తాగు.

మీ అత్త