వార్ధక్యమున కాయకము

ఉద్యోగ విరమణ దినమున కార్యాలయములో జరుగు సభ అందరును ఎరిగినదే. శాలువ కప్పుదురు, పూలదండ వేయుదురు, ఇక మీదట మీకు విశ్రాంతియే అని ఒకరి తరువాత ఒకరు చెప్పుదురు. చెప్పువారు మంచి మనస్సుతోనే చెప్పుచున్నారు. వినువాడును ఆ సాయంకాలము వరకు దానిని దీవెనగానే గ్రహించును. మరునాటి ఉదయము స్నానము, పూజ ముగించుకొని, ఉతికిన చొక్కా తొడుగుకొని వీథి అరుగు మీద కూర్చున్న పిమ్మట గాని ఆ మాటలోని రెండవ అర్థము అతనికి తెలియరాదు. ఇక నీతో మాకు పని లేదు అనునదే ఆ అర్థము.

అదే వీథి వెంట, అదే ఉదయమున, డెబ్బది ఏండ్లు దాటిన స్త్రీ యొకతె సద్ది మూట కట్టుకొని మిరపకోతకు పోవుచుండును. ఆమెకు ఎవరును శాలువ కప్పలేదు. ఆమెకు విరమణ దినము ఏర్పరచినవారును లేరు. నడుము వంగినను, కంటికి పొర కమ్మినను, పోయిన దినమునకే కూలి. అరుగు మీది మనుష్యునికి పని లేక బాధ. ఆమెకు పని తప్పక బాధ. కాయకమును గురించి మాటలాడువారు ఈ ఇరువురిని ఒకే చూపులో నిలుపుకొని మాటలాడవలెను. ఒకరిని మాత్రమే చూచి చెప్పిన ధర్మము రెండవవారి పట్ల అన్యాయమగును.

ఏ వయస్సున మనుష్యుడు పనికిరానివాడగును? శరీరము చెప్పు సమాధానమొకటి, ప్రభుత్వోత్తరువు చెప్పు సమాధానము వేరొకటి. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు 1983లో విరమణ వయస్సును 58 ఏండ్ల నుండి 55 ఏండ్లకు తగ్గించిరి. కొంత కాలమునకు అది మరల 58 ఐనది. 2014లో 60, 2022లో 62 ఐనది. తెలంగాణమున 2021లో 61 చేసిరి. ఈ నలుబది ఏండ్లలో మనుష్యుని బుద్ధిలోగాని కండరములలోగాని ఇన్ని మార్పులు జరిగియుండవు. ఖజానా లెక్కలను బట్టి, ఉద్యోగములకై ఎదురుచూచు యువకుల మొరను బట్టి ఆ గీత ముందునకు వెనుకకు జరిగినది. గీత గీయుటలో దోషము లేదు. ఎక్కడనో ఒకచోట గీయవలసినదే. దానిని తన నొసటి వ్రాతగా భావించుకొని కూలబడుటలోనే దోషమున్నది.

ప్రాచీన ధర్మశాస్త్రములు ఈ ప్రశ్నకు వేరొక సమాధానము చెప్పినవి. మేన ముడుతలు, తల నెరుపు, కుమారుని కుమారుని ముఖము చూచిన గృహస్థుడు అడవికి పోవలెనని మనుస్మృతి విధించినది. ఆ విధి ద్విజ పురుషులను ఉద్దేశించినది. భార్య అతని వెంట పోవచ్చును, లేదా కుమారుల యొద్ద నిలిచిపోవచ్చును; అంతకు మించి ఆమెకు మార్గము చూపలేదు. కుమ్మరికి, చాకలికి, పడవ నడుపువానికి వానప్రస్థము ఎట్లు? వారిని గురించి ఆ ఏర్పాటు ఆలోచింపనే లేదు. 12వ శతాబ్దమున కల్యాణమున గుమిగూడిన శరణులలో ఇట్టివారే అనేకులు. వారు జీవితమును మెట్లుగా విభజింపలేదు. ఇల్లు, అంగడి, పొలము విడువకయే, చేయుచున్న పనిని కైలాసముతో సమానముగా ఎంచిరి. కావున వారి మార్గమున పనికి విరమణ యను మాటకే చోటు లేదు. అయితే పని మారుటకు చోటున్నది.

మోళిగ మారయ్య కథ ఇచ్చట స్మరింపదగినది. కాశ్మీర దేశపు రాజు రాజ్యమును విడిచి, భార్య మహాదేవితో కూడ కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి, మోపులు అమ్మి, ఆ రాబడితో జంగమారాధన చేసెనని సంప్రదాయము. మోళిగ యనగా కట్టెల మోపు. ఆ రాజ్యము సంగతిని చరిత్రకారులు ఎట్లైనను తూచుకొందురు గాక; కథలోని సారము దానిమీద ఆధారపడి లేదు. అంతటివాడు కల్యాణమునకు వచ్చి తన పూర్వపు పేరు చెప్పుకొని ఏ పెద్దరికమును కోరలేదు. తనను రాజుగా ఎరిగినవారు లేనిచోట, చేతనైన చిన్న పనిని మొదటినుండి నేర్చుకొనెను. విరమణ పొందినవారికి అన్నింటికంటె కష్టమైన భాగము ఇదే. తహశీలుదారుగా పనిచేసినవారు దేవాలయ సంఘములో చేరినను అక్కడను తహశీలుదారుగానే కూర్చుండ జూతురు. కుర్చీ పోయినను కుర్చీలోని కంఠస్వరము పోదు. అట్టివారిని నలుగురు మెల్లగా తప్పించుకొని తిరుగుట మొదలిడగా, లోకమునకు వృద్ధుల యెడ గౌరవము నశించినదని వారు విచారింతురు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ అందరికిని తెలిసినదే. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, ఇది మనకు తగదు, తిరిగి ఇచ్చి రమ్మని లక్కమ్మ పంపివేసెను. సాధారణముగా దీనిని ఆశకు హద్దు చెప్పిన కథగా చదువుదురు. అది నిజమే. దీనిని శ్రమకు హద్దు చెప్పిన కథగా కూడ చదువవచ్చును. నేటి అవసరమెంతయో అంతవరకే ఏరుకొనుట కాయకము. డెబ్బది ఏండ్ల శరీరముతో నలుబది ఏండ్లనాటి బరువునెత్త జూచువాడు, యౌవనమును తిరిగి ఇచ్చివేయక దాచుకొన జూచువాడు.

ఇంతవరకు చెప్పినది అరుగు మీది మనుష్యునికి సరిపోవును. మిరపకోతకు పోవు వృద్ధురాలి మాటయేమి? కాయకము గొప్పది, శరణులు కడవరకు పనిచేసిరి అని ఆమెకు బోధించుట క్రౌర్యము. ఆ మాటను ఆమె చెవిని వేయువారు, తమ కూలి ఖర్చు తగ్గించుకొనుటకే శరణుల పేరు వాడుకొనుచున్నారని అనుమానింపవలసియుండును. తప్పనిసరి శ్రమ వేరు, కాయకము వేరు. కాదనగల స్వేచ్ఛ కొంతయైనను ఉన్నప్పుడే పని కాయకమగును. ఆ స్వేచ్ఛ ఆమెకు ఎక్కడనుండి రావలెను? కడుపుకు కొంత నిశ్చయమైన ఆధారము నుండి.

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము నిరుపేద వృద్ధులకు పింఛను పథకము ప్రారంభించినపుడు 65 ఏండ్లు దాటినవారికి నెలకు 75 రూపాయలు ఏర్పరచినది. తెలంగాణమున 2014లో ఆరంభమైన పింఛనుకు ఆసరా యని పేరు పెట్టిరి. తెలుగున ఇంతకంటె తగిన పేరు దొరకదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4000 రూపాయలు ఐనది. 2011 జనాభా లెక్కల నాటికే దేశమున 60 ఏండ్లు నిండినవారు పది కోట్లకు పైబడిరి. ఇంతమందిని గురించి ధర్మము చెప్పువారు పింఛను సొమ్మును తక్కువగా చూడరాదు. దానిని సోమరితనమునకు దారి యనువారు కలరు. నిజమునకు ఆ సొమ్ము చేతికి వచ్చిన దినముననే, నేడు నడుము నొప్పిగా నున్నది, రేపు వచ్చెదనని ఆ వృద్ధురాలు యజమానితో మొదటిసారి చెప్పగలుగును.

అట్లని ఆధారము దొరికినంతనే అంతయు తీరిపోవునా? ఈ సందేహమునకు మధురానగరపు శైవగాథ ఒకటి లోతైన సమాధానమిచ్చుచున్నది. వైగై నదికి వరద రాగా, గట్టు పూడ్చుటకు ఇంటికొక మనిషి రావలెనని పాండ్యరాజు ఆజ్ఞాపించెను. పిట్టు వండి అమ్ముకొని బ్రదుకు వంది యను ముసలిది ఆ నగరమున ఉండెను. ఆమెకు భర్త లేడు, బిడ్డలు లేరు. ఐనను ఆమె వంతు ఆమెకు పడినది. గట్టున మట్టి మోయు శక్తి లేక, కూలికి ఎవరైనను దొరకుదురేమో యని ఆమె వెదకుచుండగా, శివుడు కూలివానిగా వచ్చి, కూలిగా ఏమిత్తువని అడిగెను. విరిగి పొడియైన పిట్టు ఎంత వచ్చిన అంత ఇచ్చెదననగా అతడు ఒప్పుకొనెను. ఆపై పని సరిగా చేయక ఆటలాడుచు, నిద్రించుచు కాలము గడుపగా రాజు బెత్తముతో కొట్టుటయు, ఆ దెబ్బ రాజుతో సహా ఎల్లవారి వీపులకు తగులుటయు గాథలోని తరువాతి భాగము.

దెబ్బ సంగతిని అందరును చెప్పుకొందురు. కూలి ఒప్పందము సంగతి తక్కువమంది తలతురు. ఆ ముసలిదానికి సాయము చేయదలచినవాడు సర్వేశ్వరుడు. వరదను నిలిపివేయవచ్చును, రాజు మనస్సు మార్చి ఆమెను ఆజ్ఞనుండి తప్పింపవచ్చును, ఇంటినిండ ధాన్యము పోయవచ్చును. వీనిలో ఏదియు చేయలేదు. ఆకలిగొన్నవానిగా వచ్చి, ఆమె చేతి పిట్టు నాకు కావలెనని అడిగెను. ఆమె దీనురాలుగా చేయి చాపలేదు. ఊరందరితో పాటు తన వంతు తాను చెల్లించినది, ఒక కూలివానిని పెట్టుకొన్నది, తన వంటతో కూలి ఇచ్చినది. విరిగిన పిట్టే గదా యని ఎవరైనను అనవచ్చును. విరిగినదైనను అది ఆమె చేసినది, దానిని కోరి తినువాడొకడు దొరికినాడు. సాయము ఇట్లు కూడ చేయవచ్చునని ఆ గాథ కట్టినవారికి తోచుట ఆశ్చర్యకరము. పండుగ దినమున వృద్ధాశ్రమమునకు పోయి రొట్టెలు, పండ్లు పంచి, ఛాయాచిత్రములు తీయించుకొని గంటలో వెడలిపోవువారికి అది ఏలనో తోచకున్నది. ఆ ఆశ్రమమున పూర్వము దర్జీగా, మంత్రసానిగా, ఉపాధ్యాయుడుగా పనిచేసినవారు ఉందురు. మా వసతిగృహపు పిల్లలకు లెక్కలు రాకున్నవి, వారమునకు రెండు దినములు వచ్చి చెప్పగలరా యని వారిలో ఒకరినైనను అడిగినవారు అరుదు.

అడిగినచోట ఏమగునో తెలుపు నిదర్శనములు లేకపోలేదు. కేరళలో 2018లో అక్కడి సాక్షరతా మిషను ఆధ్వర్యమున అక్షరలక్షం అను పరీక్ష జరిగినది. ఆలప్పుళ జిల్లాకు చెందిన కార్త్యాయని అమ్మ తన 96వ ఏట ఆ పరీక్ష వ్రాసి నూటికి 98 మార్కులు పొందిరి. గుడులు ఊడ్చి తుడిచి బిడ్డలను పెంచిన ఆమెకు బాల్యమున బడి ప్రాప్తింపలేదు. 2020లో ఆమెకు నారీశక్తి పురస్కారము లభించినది, 2023లో కన్నుమూసిరి. పత్రికలు ఆమె వయస్సును చూచి విస్తుపోయినవి. విస్తుపోవలసిన సంగతి వేరొకటి కలదు. తొంబది ఏండ్ల పాటు, చదువుకొందువా యని ఆమెను ఎవరును అడుగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించి 1989లో పదవీ విరమణ పొందిన చిలుకూరి శాంతమ్మ గారు తొంబది దాటిన పిమ్మటను విశాఖపట్టణము నుండి విజయనగరమునకు పోయి పాఠములు చెప్పిరి. ఆమెకు విద్య కొత్తది కాదు. ఐనను అక్కడ వినగోరు విద్యార్థులుండుట చేతనే ఆ ప్రయాణము సాగినది. ఒకరు నేర్చుకొనుటకు, ఒకరు నేర్పుటకు; ఇరువురికిని ఎదుట ఒక మనుష్యుడు అవసరమైనాడు.

గృహములలో ఈ అవసరము ఏ విధముగా తీరుచున్నది? తండ్రి పోయిన పిమ్మట తల్లిని కుమారులు నెలల వంతున పంచుకొను పద్ధతి అనేక గ్రామములలో కలదు. మొదటి తేదీన బట్టల సంచి ఒక ఇంటినుండి వేరొక ఇంటికి పోవును. తిండికి లోపముండదు. కుమారులు చెడ్డవారును కారు. 2007లో తలిదండ్రుల పోషణకై చేసిన చట్టమును బట్టి చూచినను వారియందు తప్పు కనబడదు. అయితే ఏ ఇంటను ఆమె నాటిన కరివేప మొక్క ఆమె కంటి ముందు పెరుగదు, ఏ ఇంట ఉప్పుడబ్బా ఎక్కడ నున్నదో ఆమె చేయి తడుముకొనకుండ చెప్పలేదు. ఆమె పెట్టు ఆవకాయ ఏ ఇంటి లెక్కలోనికిని రాదు. విదేశమునందున్న బిడ్డల యొద్ద ఆరు మాసములు, స్వగ్రామమున ఆరు మాసములు గడుపు వృద్ధ దంపతుల స్థితియు ఇంచుమించు ఇట్టిదే. సంచి మాత్రము కొంచెము పెద్దది. వేసవిలో ఒక ఇంటనే పచ్చళ్ళ పని అంతయు ఆమె చేత పట్టించి, అది ముగియువరకు ఆమెను కదల్పక ఉంచిన కుటుంబములు కూడ లేకపోలేదు. ఆ ఇండ్లలో నెలల లెక్క తనంతట తానే మరుపునకు వచ్చినది.

చివరకు ఒక కఠినమైన ప్రశ్న మిగులును. మంచము పట్టి, లేవలేని స్థితిలోనున్న మనుష్యునికి కాయకమెక్కడ? కాయకమే మనుష్యుని విలువకు కొలత యైనచో అట్టివాడు విలువలేనివాడు కావలెను. ఇది ఏ శరణుడును ఒప్పుకొనజాలని మాట. దాసోహమున పెట్టువాడు ఎంత అవసరమో పుచ్చుకొనువాడును అంతయే అవసరమని, పెట్టువానిలోని నేను అను భావమును కరిగించువాడు పుచ్చుకొనువాడేయని పెద్దలు చెప్పుదురు. సిద్ధాంతమునకు ఇది చాలును. దినదినమును పక్కబట్టలు మార్చు కోడలికి ఇది చాలునా యన్నచో సందేహమే. ఆమె అలసట కూడ లెక్కకు రావలెను. ఆమెకు సాయముగా ఇంటిలోని పురుషుడు ఒక పూట మంచము ప్రక్కన కూర్చుండనిచో, దాసోహము పేరిట ఒకరి నడుము విరుగుచున్నదనియే చెప్పవలెను.

అట్టి ఇండ్లలో కొన్నిచోట్ల ఒక దృశ్యము కనబడును. ప్రొద్దున కూరగాయలు వచ్చిన తరువాత, చిక్కుడుకాయలు చేటలో పోసి మంచము మీది అవ్వ చేతికి అందింతురు. ఆమె చేతులు వణకుచుండును. ఒక్కొక్క కాయను తడిమి, కొన త్రుంచి, నార లాగి, గింజను వ్రేలితో తెలిసికొని ప్రక్కన పెట్టును. కోడలు చేసినచో పది నిమిషముల పని. అవ్వ చేతిలో అది గంటన్నర పట్టును. పొయ్యి మీద ఎసరు మరుగుచుండును, పిల్లలకు బడివేళ యగుచుండును. ఐనను కోడలు ఆ చేటను ఆమె చేతినుండి తీసికొనదు. ఇంకను ఎన్ని యున్నవి అవ్వా యని గుమ్మము నుండి అడిగి, ఎసరులో మరికొన్ని నీళ్ళు పోసి, వేచియుండును.