ఫలం మీద హక్కు లేదంటే జీతం అడగొద్దనా?

భగవద్గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం ఆఫీసు గోడలకు వేలాడినంతగా మరొకటి వేలాడదేమో. పని చెయ్యి, ఫలితం అడగకు అని మనం దానికి అర్థం చెప్పుకుంటాం. అది సగమే. శ్లోకంలో నాలుగో పాదం, పని మానేయడం మీద మమకారం కూడా వద్దంటుంది. మరి ఫలం మీద అధికారం ఎందుకు లేదు? జవాబు పద్దెనిమిదో అధ్యాయం 14వ శ్లోకంలో ఉంది. ఏ పని నెరవేరాలన్నా అయిదు కలవాలి: ఆశ్రయం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, దైవం. చేసేవాడు అయిదింట ఒకడు. గ్రూప్స్ ఉద్యోగ పరీక్ష రాసేవాడి చేతిలో చదువు ఉంది. ఖాళీల సంఖ్య, పేపరు తీరు, కోర్టు స్టే లేవు. వైరాగ్యం కన్నా ఇందులో లెక్కే ఎక్కువ.

ఫలం ఆశించకపోతే ఎవడు కష్టపడతాడంటారు. గమ్యం వద్దని గీత అనలేదు. అర్జునుడి యుద్ధానికీ గమ్యం ఉంది. కానీ బాణం వదిలేటప్పుడు మనసు గెలుపోటముల మీదికి పోతే గురి తప్పుతుంది. రెండో అధ్యాయమే 50వ శ్లోకంలో యోగమంటే పనిలో నేర్పు అంది. ఇంకో అభ్యంతరం బరువైనది: ఫలం అడగొద్దనే మాట యజమానులకు భలే అనుకూలం. నిజమే, అలా వాడుకునేవాళ్లున్నారు. కానీ శ్లోకం మాట్లాడేది చేసేవాడి మనసుతో. కూలి ఎగ్గొట్టేవాడికి అదేం అనుమతి పత్రం కాదు. న్యాయమైన జీతం కోసం వాదించడమూ కర్మే. పైగా అంత బోధా అయ్యాక కృష్ణుడు అర్జునుణ్ణి ఆజ్ఞాపించలేదు. పద్దెనిమిదో అధ్యాయం 63వ శ్లోకంలో, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమన్నాడు.