తలుపు కంటే ముందు కిటికీ

ఫిబ్రవరి 16

చదవవలసిన భాగం: ఆదికాండము 7:11–16, 8:6–22

2022లో ఇదే తేదీన, పొద్దున్నే, ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎన్ని రైల్వే ఇళ్ళల్లో ఒకటే గొడవ జరిగి ఉంటుందో! బూట్లు పట్టడం లేదు. చొక్కా చేతులు పైకి పోయాయి. సంచి జిప్పు తుప్పుపట్టి బిగుసుకుంది. "ఇవాళ్టికి చెప్పులేసుకుని వెళ్ళరా బాబూ, ఎవరూ ఏమీ అనర్లే" అని నాన్నమ్మలు సర్దిచెప్పి ఉంటారు. పశ్చిమ బెంగాల్‌లో చిన్న తరగతుల బడులు మళ్ళీ తెరిచిన రోజది. 2020 మార్చి 16న కరోనా వల్ల పడిన తాళం సరిగ్గా ఇరవై మూడు నెలలకు తెరుచుకుంది.

ఇక్కడ చదువుల సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. 2020 జనవరిలో ఒకటో తరగతిలో చేరిన బిడ్డ రెండున్నర నెలలు బడికి వెళ్ళింది. మళ్ళీ వెళ్ళేసరికి మూడో తరగతి. మధ్యలో రెండో తరగతి అంతా ఫోనులోనే. ఆ ఫోను కూడా చాలా ఇళ్ళల్లో ఒక్కటే. నాన్న డ్యూటీకి బయల్దేరితే దాంతోపాటు బడీ బయల్దేరేది.

నోవహు ఓడలో అడుగుపెట్టింది రెండో నెల పదిహేడో రోజున. దిగింది మరుసటి ఏడు రెండో నెల ఇరవై ఏడున. ఏడాది మీద పది రోజులు. మన పిల్లలు ఇంచుమించు అంతకు రెట్టింపు కాలం ఓడలోనే ఉన్నారు.

ఆ ఓడ తలుపు మూసింది దేవుడేనని వాక్యం చెబుతోంది. బయటినుంచి చూస్తే మూసిన తలుపు కఠినంగా కనిపిస్తుంది. లోపల ఉన్నవాళ్ళకు మాత్రం అదే కాపుదల. రెండు గదుల క్వార్టర్లో తాత మంచం పక్కనే మనవడి చాప. పిల్లవాడికి రెండు రోజుల జలుబై పోయే జబ్బు తాతకు ప్రాణం మీదికి రావచ్చు. ఆ రోజుల్లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పేరు మోసిన మన 1,072 మీటర్ల ప్లాట్‌ఫామ్ బోసిపోయింది. గూడ్సు బండ్లు మాత్రం ఆగలేదు. వాటిని నడిపే డ్రైవర్లు, గార్డులు, పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌లు రోజూ వెళ్ళారు, రోజూ ఇంటికి తిరిగొచ్చారు. వచ్చినవాళ్ళు పెరట్లోనే స్నానం చేసి, బట్టలు నానబెట్టి, అప్పుడు బిడ్డను ఎత్తుకునేవారు.

ఇలా జబ్బును గడప బయటే ఆపడం మనవాళ్ళు కొత్తగా నేర్చుకున్న సంగతేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి ఉత్తరాంధ్ర ఊళ్ళనుంచి వచ్చిన మన పెద్దల ఇళ్ళల్లో ఎవరికైనా అమ్మోరు పోస్తే వాకిట వేపమండ కట్టేవాళ్ళు. ఆ మండ కనిపిస్తే ఇరుగుపొరుగు గడప తొక్కేవాళ్ళు కాదు. మన ఆరాధన మారి ఉండవచ్చు. ఆ మండ చెప్పే బుద్ధి మారనక్కర్లేదు. లేవీయకాండము పదమూడో అధ్యాయంలో యాజకుడు చేసేదీ అదే. అనుమానం ఉన్న మనిషిని ఏడు రోజులు వేరుగా ఉంచుతాడు, వచ్చి చూస్తాడు. తేలకపోతే మరో ఏడు రోజులు. తొందరపడడు, మరిచిపోడు.

నేటి భాగంలో కాసేపు ఆగవలసిన చోటు కిటికీ దగ్గర. నలభై రోజులయ్యాక నోవహు కిటికీ తెరిచాడు. తలుపు జోలికి పోలేదు. అన్ని ప్రాణుల ఊపిరితో నిండిన చోట కిటికీ విలువ ఆయనకు ఒకరు చెప్పాలా!

మనకు మాత్రం చెప్పవలసి వచ్చింది. కరోనా మొదటి రోజుల్లో మనం బల్లలు కడిగాం, కూరగాయలు కడిగాం, పాలప్యాకెట్టును కూడా సబ్బుతో తోమాం. చేతులు కడుక్కోవడం ఎప్పుడూ మంచిదే. కానీ ఆ క్రిమి ఎక్కువగా పాకేది ఊపిరి దారినే అని మెల్లగా తేలింది. మాట్లాడినప్పుడు, పాట పాడినప్పుడు, పిల్లలంతా గొంతెత్తి ఎక్కాలు అప్పజెప్పినప్పుడు నోటినుంచి వచ్చే కంటికి ఆనని తుంపర, మూసిన గదిలో చాలాసేపు తేలుతూ ఉంటుంది. ఎదురెదురు కిటికీలు తెరిస్తే గాలి దాన్ని పలచబరిచి బయటికి తోసేస్తుంది. పాత రైల్వే కట్టడాలకు ఎత్తైన కప్పులు, గోడ పైభాగాన గాలి రంధ్రాలు పెట్టినవాళ్ళు ఎండ వేడిని తలుచుకుని పెట్టారు. తరవాత వచ్చిన మనమే వాటికి అట్టముక్కలు కొట్టాం. కిటికీలకు బీరువాలు అడ్డం పెట్టాం. బడిని జాగ్రత్తగా తెరవడమంటే మొదటి పని ఆ బీరువాను పక్కకు జరపడమే.

1908లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో క్షయ భయం మధ్య ఒక బడి ఇలాగే నడిచింది. ఎముకలు కొరికే చలిలో కిటికీలు బార్లా తెరిచి, పిల్లల్ని దుప్పటి సంచుల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. మన బెంగాల్‌కైతే అంత దూరం చూడనక్కర్లేదు. 1901లో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో బడి పెట్టి చెట్ల కింద పాఠాలు చెప్పించిన నేల ఇది. 2022 ఫిబ్రవరి 7న ప్రభుత్వం చిన్న తరగతులకు 'పాడాయ్ శిక్షాలయ్' మొదలుపెట్టింది. పేటలోనే, ఆరుబయట, పిల్లలు ఎడమెడంగా కూర్చునే బడి. గదుల తలుపులు తెరవడానికి తొమ్మిది రోజుల ముందు తెరిచిన కిటికీ అది. అంతకుముందు మూసి ఉన్న నెలల్లో బడి గుమ్మం దగ్గర తల్లులకు పంచిన బియ్యం, బంగాళాదుంపలు కూడా ఒక కిటికీయే. తలుపు తెరవలేని రోజున దయ ఆ సందులోంచే వచ్చింది.

పావురం సంగతి చూడండి. నోవహు దాన్ని మూడుసార్లు పంపాడు. మొదటిసారి కాలు మోపే చోటు లేక తిరిగి వచ్చేసింది. ఆయన చెయ్యి చాపి లోపలికి తీసుకున్నాడు. ఏడు రోజులు ఆగాడు. రెండోసారి ఒలీవ ఆకుతో వచ్చింది. ఆకు కనిపించింది గదా అని తలుపు బద్దలుకొట్టలేదు, మరో ఏడు రోజులు ఆగాడు. మూడోసారి అది రాలేదు.

మన రాష్ట్రమూ పెద్ద తరగతుల బడులను మూడుసార్లు తెరిచింది. 2021 ఫిబ్రవరి 12న తెరిస్తే రెండో అల వచ్చి ఏప్రిల్ 20న మూయించింది. నవంబరు 16న తెరిస్తే ఒమిక్రాన్ వచ్చి 2022 జనవరి 3న మూయించింది. ఫిబ్రవరి 3న మూడోసారి తెరిచారు. ఆ తెరవడం నిలిచింది. "తెరవడమెందుకు, మూయడమెందుకు" అని అప్పట్లో మనమంతా విసుక్కున్నాం. తిరిగొచ్చిన పావురాన్ని నోవహు తిట్టలేదు. నీళ్ళు ఇంకా ఉన్నాయన్న కబురు అది మోసుకొచ్చింది. వెనక్కి వచ్చిన అడుగులో కూడా కబురు ఉంటుంది.

రైల్వే ఇంట పుట్టినవాళ్ళకు ఇదంతా కాషన్ ఆర్డర్ అంటే చాలు, అర్థమైపోతుంది. పట్టాలు బాగుచేసిన చోట మొదటి బండిని పూర్తి వేగంతో వదలరు. ఫలానా కిలోమీటరు రాయినుంచి ఫలానా రాయిదాకా ఇంత వేగమే అని కాగితం రాసి డ్రైవరు చేతికిస్తారు. కంకర సర్దుకున్నకొద్దీ వేగం పెంచుతారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని మెల్లగా పోయే డ్రైవరును, వీడికి పట్టాల మీద నమ్మకం లేదు అని ఎవరైనా అన్నారా? నోవహు ఓడ కప్పు తీసి చూసింది మొదటి నెల మొదటి రోజున. నేల ఆరినట్టు కళ్ళకు కనిపించింది. అయినా దిగింది ఇంచుమించు రెండు నెలల తరవాత, దిగమన్న మాట విన్నాకే. జాగ్రత్తపడే విశ్వాసం తక్కువ విశ్వాసం కాదు.

అయితే జాగ్రత్త పేరున మనం చేసిన పొరపాటు కూడా ఒప్పుకోవాలి. 2021 జూలైలో భారత వైద్య పరిశోధన మండలి అధిపతి బలరాం భార్గవ ఒక మాట చెప్పారు. బడులు తెరిచేటట్టయితే ముందు ప్రాథమిక పాఠశాలలనే తెరవడం మంచిది, వైరస్ అంటుకునే గ్రాహకాలు చిన్నపిల్లల్లో తక్కువ అని. జరిగింది తలకిందులు. చిన్నవాళ్ళు అందరికంటే చివర వెళ్ళారు. ఆంధ్రలో ఉన్న పెదనాన్న పిల్లలు 2021 ఆగస్టు 16నే బడికి వెళ్ళి ఫోనులో యూనిఫాం చూపిస్తే, ఇక్కడి పిల్లలు మరో ఆరు నెలలు గుమ్మంలోంచి చూస్తూ గడిపారు. ఓడలోంచి దిగమన్న రోజున దేవుడు పాకే ప్రాణుల పేరు కూడా విడిచిపెట్టకుండా చెప్పాడు. ఏనుగు దిగాక పురుగు సంగతి చూద్దాం అనలేదు. మూయడానికి ఎంత విధేయత కావాలో, తెరవమన్నప్పుడు తెరవడానికీ అంతే కావాలి. మాట వచ్చాక కూడా ఓడలోనే ఉండిపోతే అది జాగ్రత్త అనిపించుకోదు.

ఇంకొకటి. ఆ ఫిబ్రవరిలో బెంచీ ఎక్కిన చిన్నపిల్లల్లో ఎవరికీ టీకా లేదు. పదిహేనేళ్ళు నిండినవారికే అప్పటికి మొదలైంది. పన్నెండేళ్ళవారికి మార్చిలో గాని రాలేదు. కాబట్టి ఆ చిన్నారుల చుట్టూ కట్టిన గోడ పెద్దల చేతులతో కట్టిందే. టీచరమ్మ వేయించుకున్న సూది, వంటమ్మ ముక్కు కిందికి జారనివ్వని మాస్కు, నాన్నమ్మ నొప్పి ఓర్చుకుని చూపిన భుజం. నోవహు ఒక్కడే ఓడ ఎక్కి ఉంటే ఆయన నీతి కథగా మిగిలేది. ఇల్లంతా ఎక్కింది గనక వంశం మిగిలింది.

కాషన్ ఆర్డర్ ఆరోగ్యానికే కాదు, చదువుకూ కావాలి. మూడో తరగతిలో కూర్చున్న ఆ బిడ్డ చేతిలో మూడో తరగతి పుస్తకం ఉంది, మనసులో ఒకటో తరగతి అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. సిలబస్ అయిపోవాలని బండిని పూర్తి వేగంతో తోలితే పట్టా విరుగుతుంది. వెనక్కి వెళ్ళి అక్షరాల దగ్గర మొదలుపెట్టిన టీచరు ఆలస్యం చేసినట్టు కాదు, కంకర సర్దినట్టు. ఇంట్లో పలకమీద అ ఆలు దిద్దించిన అమ్మమ్మలూ ఆ కంకరే సర్దారు. బయట హిందీ, బెంగాలీ వినిపించే ఈ ఊళ్ళో ఆ మూసిన నెలల్లో కొందరు పిల్లల చేతికి తెలుగు అలా చిక్కింది.

ఓడ దిగిన నోవహు మొదట బలిపీఠం కట్టాడు. తరవాతి అధ్యాయంలో అవే చేతులు ద్రాక్షతోట వేశాయి, అవే కళ్ళు మత్తులో మూతపడ్డాయి. గండం గడిచాక మనిషి మరుపు ఎంత వేగంగా వస్తుందో వాక్యం దాచలేదు. మన బీరువా మళ్ళీ కిటికీ దగ్గరికి జరిగిందా? ఒళ్ళు వెచ్చగా ఉన్నా హాజరు బహుమతి పోతుందని పిల్లవాణ్ణి బడికి తోస్తున్నామా? అన్నం ముందు చేతులు కడుక్కునే వరసలో సబ్బు ఇంకా ఉందా? వెనకబడిన ఆ పిల్లల పేర్లు మన ప్రార్థనల్లో ఇంకా ఉన్నాయా?

నేటి పని: ఈ రోజు మీ ఇంట్లోనో, ప్రార్థన గదిలోనో, ఆదివారపు బడిలోనో చాలాకాలంగా మూసి ఉన్న ఒక కిటికీ తెరవండి. చదువులో వెనకబడిన ఒక బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అరగంట చదివించండి.

ప్రార్థన: తండ్రీ, తలుపు మూసి మమ్మల్ని కాచినవాడవు నీవే, సమయం వచ్చాక దిగమని పిలిచినవాడవూ నీవే. మూసినప్పుడు సణిగాం, తెరిచినప్పుడు భయపడ్డాం, క్షమించు. తిరిగొచ్చిన పావురాన్ని చెయ్యి చాపి అందుకునే ఓర్పు మాకివ్వు. చిన్నవాళ్ళను చివర నిలబెట్టని మనసివ్వు. ఆ రోజుల్లో తాతను, అమ్మను, టీచరును పోగొట్టుకున్న ఇళ్ళను ఓదార్చు. మా బడుల్లో గాలి ఆడనివ్వు, మా పిల్లల నాలుక మీద అక్షరం ఆడనివ్వు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.

రోజంతా తలుచుకోవలసిన మాట: మెల్లగా నడిపిన బండి ఆలస్యంగా చేరవచ్చు; చేరడం మాత్రం చేరుతుంది.