పేరు ఎవరి సొత్తు?

పండుగనాడు గుడిలో అర్చన చేయించుకునేటప్పుడు మనం గోత్రం, పేరు, నక్షత్రం చెప్పుకుంటాం. అర్చకస్వామి వాటిని పైకే చదువుతారు. పక్కన నిలబడ్డవారు వింటారు, తీర్థం పుచ్చుకునేలోగా మరచిపోతారు. పేరు నలుగురిలో వినబడడం మనకు అలవాటే. విన్నది చెరిగిపోకుండా నిలవడం మాత్రం ఇంటర్నెట్‌తోనే వచ్చింది.

2024 డిసెంబరులో సింగపూర్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. వ్యాపార సంస్థల నమోదు చూసే అక్రా, 9వ తేదీన కొత్త బిజ్‌ఫైల్ పోర్టల్ తెచ్చింది. అందులో ఒకరి పేరు కొడితే పూర్తి ఎన్నార్‌ఐసీ నంబరు ఉచితంగా కనబడింది. మనలోనూ చిన్న కంపెనీ పెట్టుకున్నవారు, డైరెక్టరుగా సంతకం చేసినవారు ఉన్నారు కదా! 13వ తేదీన ఆ సెర్చ్ ఆపేలోగా 5 లక్షలకు పైగా వెతుకులాటలు జరిగాయి. మంత్రులు క్షమాపణ చెప్పారు. అయితే ప్రభుత్వం వినిపించిన వాదన ఆలోచించదగ్గది. ఆ నంబరు కూడా పేరువంటిదే, మనిషిని గుర్తుపట్టడానికి ఉన్నది, దాన్ని పాస్‌వర్డులా వాడడమే తప్పు అన్నారు. అందులో నిజం ఉంది. కాని పేరు రహస్యం కాదు కనుక, ఆ పేరును పట్టుకుని ఉన్న సమస్తమూ అడిగినవారికల్లా ఇవ్వవచ్చునా? మన గుమ్మం వీధికి కనబడుతుంది. అంతమాత్రాన బీరువా తలుపులు తెరిచిపెట్టం.

బృహదారణ్యకోపనిషత్తులో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు, మనిషి మరణించినప్పుడు అతణ్ణి విడిచిపోనిది ఏమిటని. పేరు, అంటాడు యాజ్ఞవల్క్యుడు. దానికి అంతం లేదని కూడా అంటాడు. ఒకప్పుడు పేరు నిలవాలంటే చెరువు తవ్వించాలి, సత్రం కట్టించాలి. ఇప్పుడు పదిహేనేళ్ళ కిందట కోపంలో రాసిన నాలుగు ముక్కలు చాలు.

స్పెయిన్ దేశస్థుడు మారియో కోస్తెహా గొన్సాలెస్ పేరు గూగుల్‌లో వెతికితే, బకాయిల కోసం ఆయన ఆస్తి వేలం వేస్తున్నట్టు 1998లో పత్రికలో పడిన ప్రకటన వచ్చేది. ఆ వ్యవహారం ఎప్పుడో ముగిసిపోయింది. 2014 మే నెలలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. పత్రికలోని ప్రకటన ఉండవచ్చు, ఆయన పేరుతో వెతికినప్పుడు మాత్రం ఆ లింకు తీసేయమని కోరవచ్చు. (మరుగున పడాలని కోరుకున్న ఆ పేరు ఈ తీర్పుతో ప్రపంచమంతా పాకింది, అది వేరే సంగతి!) సింగపూర్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2012లో వచ్చింది గాని, చెరిపేయమని అడిగే అటువంటి హక్కు అందులో లేదు. ఇండియా 2023లో చేసిన చట్టంలో దాన్ని చేర్చారు.

మన పేర్లలో ఒక చిత్రం ఉంది. శ్రీనివాసరావు అని వెతికితే వేలమంది వస్తారు, ఆ గుంపే ఒక రక్షణ. అదే అరుదైన ఇంటిపేరు, నాన్నగారు బడిలో రాయించిన స్పెల్లింగు, పక్కన సింగపూర్ అన్న మాట చేరిస్తే ఒక్కరే తేలతారు. గుంపులోనూ చిక్కు లేకపోలేదు. ఒక శ్రీనివాసరావు చేసిన పని ఇంకొకరి నెత్తికి చుట్టుకుంటుంది. పెళ్ళి సంబంధం అనగానే ఇప్పుడు ముందు పేరే వెతుకుతున్నాం. పూర్వం ఊళ్ళో వాకబు చేసినప్పుడు, చెప్పినవారి ముఖం చూసి ఎంత నమ్మాలో తేల్చుకునేవారు. తెరకు ముఖం లేదు.

అలాగని చీటీల డబ్బుతో ఉడాయించినవాడి పేరు కూడా మరుగున పడాలా? పడకూడదనే నా అభిప్రాయం. రేపు వాడి చేతిలో డబ్బు పెట్టబోయేవారికి తెలుసుకునే హక్కు ఉంది. విరాటుని కొలువులో ధర్మరాజు కంకుడయ్యాడు, ద్రౌపది సైరంధ్రి అయింది. వారిని మన పెద్దలు తప్పుపట్టరు. అజ్ఞాతవాసం ముందే ఒప్పుకున్న నియమం, పైగా ఆ మారుపేర్లతో వారు ఎవరి సొమ్మూ కాజేయలేదు.

నాకు ఎక్కువ బెంగ పిల్లల గురించి. వేధించాలని ఒకరి వివరాలు బయటపెట్టడం 2020 జనవరి నుంచి ఇక్కడ నేరం. మనం ముద్దుకొద్దీ బయటపెట్టేది దాని కిందకు రాదు. శ్లోకాల పోటీలో గెలిచిన పాప పూర్తి పేరు, వయసు, బడి, ఫోటో ఒకేచోట పెట్టేస్తాం. అది సంచికతోపాటు ఇంటర్నెట్‌కూ ఎక్కితే, ఆ పాప ఉద్యోగానికి వెళ్ళేనాటికీ అక్కడే ఉంటుంది. పాపను ఎవరూ అడగలేదు. బారసాలనాడు బియ్యంలో పేరు రాసి, బిడ్డ చెవిలో చెబుతాం. తన పేరు ముందు తనకే వినిపించాలన్న మర్యాద అందులో ఉంది.

విజేతల జాబితాకు పిలుపు పేరు, తరగతి చాలునని నా మనవి. ఈసారి ఫోటోలు పంపేముందు పదేళ్ళు దాటిన పిల్లలను ఒక మాట అడగండి. కొందరు వద్దంటారు. కొందరు, "నా పేరు పెద్ద అక్షరాలతో వేయించు నాన్నా" అంటారు. వాళ్ళవి వేద్దాం.