కన్ను చేయు కాయకము

కాయకమనగానే శరణబంధువుల మనస్సున అంబిగర చౌడయ్య పడవయు, మడివాళ మాచయ్య బట్టల మూటయు, నులియ చందయ్య పేనిన త్రాడును మెదలును. అవన్నియు చేతులతో చేసిన పనులు. ఒకరి పనివలన జనులు ఏరు దాటిరి. ఒకరి పనివలన తెల్లని వస్త్రము కట్టిరి. పనికిని ప్రయోజనమునకును నడుమ దూరము లేకుండెను. పండ్రెండవ శతాబ్దపు కల్యాణమున లేని వృత్తులు తరువాతి కాలమున పెక్కు పుట్టినవి. వానిలో కొన్నిటియందు చేతికంటె కంటికే పని యెక్కువ. అట్టి వృత్తి కాయకమగునా? అగునేని దాని నియమమేది? ఈ ప్రశ్నను పరిశీలించుటకు మోటారు పందెములను చిత్రించు ఛాయాగ్రాహకుని పని తగిన తావు. జీవనోపాధియు, నైపుణ్యమును, ప్రాణాపాయమును అచట ఒక్కచోటనే కలిసియుండును.

ఇది మనకు దూరపు సంగతియని త్రోసివేయ వీలులేదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు హుస్సేన్ సాగరు తీరమున, విద్యుత్తుతో నడచు కార్ల ప్రపంచ పోటీయైన ‘ఫార్ములా ఈ’ జరిగెను. మన దేశమున ఆ పోటీ జరుగుట అదే మొదలు. సచివాలయము ప్రక్కగా 2.83 కిలోమీటర్ల బాటను 18 మలుపులతో ఏర్పరచిరి. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. 2024లో జరుగవలసిన పోటీ రద్దయ్యెను గాని, ఆనాడు వీథులు పందెపు బాటయైన దృశ్యము మాత్రము చిత్రములందు నిలిచియున్నది. ఛాయాచిత్రకళ ఈ నేలకు క్రొత్తది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువున రాజా దీన్ దయాళ్ ఈ వృత్తివలననే గౌరవము పొందెను. వేములవాడ శివరాత్రి జాతరను, కేస్లాపూరు నాగోబా జాతరను, ఊరూర జరుగు పెండ్లిండ్లను చిత్రించి బ్రతుకు యువకులు కరీంనగర, ఆదిలాబాదు ప్రాంతములందు ఎందరో కలరు. వారిలో నొకడు రేపు పందెపు బాట చెంత నిలిచినచో ఆశ్చర్యము లేదు.

బయటినుండి చూచువారికి ఇది వేడుక పనివలె తోచును. దగ్గరకు పోయి చూచిన కష్టము తెలియును. నిర్వాహకులు అనుమతి పత్రమిచ్చి, గుర్తింపు అంగీ తొడిగింతురు. అపాయమున్నదని యెరిగియే వచ్చితినని సంతకము చేయించుకొందురు. కంచె ఆవల, నిర్ణయించిన తావులందే నిలువవలెను. వచ్చు బండికి వీపు చూపరాదు. బరువైన కెమెరాను మోయుచు గంటలకొలది ఎండలో నిలిచి, పందెము ముగిసిన కొద్దిసేపటికే చిత్రములను పత్రికలకు పంపవలెను. చలనచిత్రము తీయువాడు తన యెదుట నేమి జరిగినను చేయి వణకక బండి వెంట చూపు నడపవలెను.

ఆ పనిలోని నేర్పు లెక్కకు అందునదే. గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో 55 మీటర్లకు పైగా సాగును. కెమెరా షట్టరును సెకనులో వేయవ వంతు కాలము మాత్రమే తెరచినను, ఆ లోపల కారు అయిదున్నర సెంటిమీటర్లు జరిగియుండును. అంత స్వల్పకాలమున తీసిన చిత్రములో కారు వీథిలో నిలిపిన బండివలె కనబడును, వేగము కనబడదు. అందుచేత నేర్పరియైనవాడు సెకనులో అరువదవ వంతు వరకు షట్టరు తెరచియుంచి, కారుతో సమానగతిని కెమెరాను త్రిప్పును. అపుడు కారు స్పష్టముగను, వెనుకనున్న కంచెయు జనమును గీతలుగను పడును. ఇట్లు తీసినవానిలో పెక్కు చెడును. ఏదో యొకటి నిలుచును. సుమారు నూరు సంవత్సరములకు పూర్వము జాక్ ఆన్రీ లార్తిగ్ అను ఫ్రెంచి యువకుడు తీసిన పందెపు కారు చిత్రమున చక్రము ముందునకు వాలియు, ప్రక్కనున్న జనులు వెనుకకు వాలియు పడిరి. చెడిపోయినదని అతడు దానిని ప్రక్కన బెట్టెను. దశాబ్దములు గడచిన పిమ్మట లోకము అందు వేగముయొక్క రూపమునే చూచినది. కంటికందని దానిని కంటికందించుటయే ఈ పనివలన లోకమునకు కలుగు లాభము. శ్రమ కలదు, నేర్పు కలదు, ప్రయోజనము కలదు. కనుక ఇది కాయకము కాదనుటకు హేతువు లేదు.

అయినను కాయకమునకు పరీక్ష సుఖసమయమున రాదు. 1973 జులై 29వ తేదీన నెదర్లాండ్సు దేశమందలి జాండ్‌వోర్ట్ బాటపై రోజర్ విలియమ్సన్ అను యువకుని కారు తలక్రిందులై మండెను. అతడు లోపల చిక్కుకొనియుండెను. డేవిడ్ పర్లీ యను మరియొక పోటీదారుడు తన కారు నాపి, బాట దాటి పరుగెత్తి, మండుచున్న కారును ఒంటిచేతులతో త్రిప్పజూచెను. చెంతనున్న బాటకాపరులకు అగ్నిని తట్టుకొను దుస్తులు లేవు. తక్కిన పోటీదారులు, ఆ కారు పర్లీదే యనియు అతడు క్షేమముగా వెలువడెననియు భ్రమించి సాగిపోయిరి. పందెము ఆగలేదు. విలియమ్సన్ మరణించెను. పర్లీకి తరువాత జార్జి పతకమిచ్చి గౌరవించిరి. ఆ నిమిషములన్నియు టెలివిజను కెమెరాలకెక్కినవి. కోర్ మోయ్ అను ఛాయాగ్రాహకుడు తీసిన వరుస చిత్రములకు 1974లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో బహుమానము వచ్చినది. ఒకనికి మరణము, ఒకనికి సాహస పతకము, ఒకనికి చిత్రమునకు బహుమానము—ఈ మూడును ఒకే మంటనుండి వెలువడినవి.

ఇచట మన సంప్రదాయమునుండియే ఒక వాదము పుట్టవచ్చును. నులియ చందయ్య చెరువులో గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట బడినను, అతడు పని మానలేదని కథ. లింగపూజకంటెను కాయకము మిన్నయని శరణులు చూపిరి. అట్లయిన ఛాయాగ్రాహకుడును, “చిత్రించుట నా కాయకము, మంట నార్పుట మరియొకని కాయకము, నా పనిని నేనేల విడువవలెను?” అని యడిగినచో బదులేమి?

ఈ వాదమున సగము సత్యము కలదు. 1977 మార్చి 5వ తేదీన దక్షిణాఫ్రికాలోని క్యాలమి బాటపై ఆగిన కారునుండి చిన్న మంట లేచెను. దానిని చల్లార్చుటకై బాటకాపరులిద్దరు బాటకు అడ్డముగా పరుగెత్తిరి. వారిలో పందొమ్మిదేండ్ల యువకుని, వేగముగా వచ్చుచున్న టామ్ ప్రైస్ కారు ఢీకొనెను. యువకుడు మరణించెను, అతని చేతిలోని మంటలార్పు పరికరము తలకు తగిలి ప్రైస్ కూడ మరణించెను. బాటకాపరులకే అట్లయినపుడు, శిక్షణలేని ఛాయాగ్రాహకుడు కంచె దాటుట దయ కాదు. అది మరియొక ప్రాణమునకు తెచ్చు ముప్పు. కనుక పందెపు బాటయొద్ద అతడు తన తావున నిలిచినంత మాత్రమున క్రూరుడనరాదు. ఆ తావున నిలిచి అతడు తీసిన చిత్రము సాక్ష్యము కూడ కావచ్చును. జాండ్‌వోర్ట్‌లో రక్షణ ఎంత లోపించెనో వాక్యములు చెప్పజాలని రీతిని ఆ చిత్రములు చెప్పినవి.

రెండవ సగము అసత్యము. చందయ్య విడిచినది తన యాచారమును. పరుని ప్రాణమును కాదు. కాయకమునకు ఫలము దాసోహము. ఎవని బాధనుండి ఫలము వచ్చినదో వానిని మరచిన యెడల దాసోహము లేదు. దాసోహము లేని పని కేవలము సంపాదన. కావున ఛాయాగ్రాహకుని ధర్మము చిత్రము తీసిన క్షణమున ముగియదు, అప్పుడే మొదలగును. తీసినదానిని ఏమి చేయవలెనన్నదే అతని యెదుటి ప్రశ్న.

దీనికి బదులు ఆయ్దక్కి లక్కమ్మ యింట దొరకును. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలేరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అక్కరకు మించినది ఆశయే యని చెప్పి, తెచ్చినచోటనే తిరిగి పోసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, ఎవరును అడ్డుపెట్టలేదు, ఏరిన చేయి తనదే. అయినను అది అధికమైనది. ఛాయాగ్రాహకుని సంచిలోను ఇట్టి అధికపు బియ్యముండును. అపాయము జరిగిన తీరును చూపు చిత్రము అక్కరకు వచ్చునది. కాలిన శరీరమును, ఏడ్చు తల్లి ముఖమును దగ్గరకు లాగి చూపు చిత్రము అధికమైనది. కొనువాడు రెండవదానికే ఎక్కువ వెల కట్టవచ్చును. ఇల్లు నడుపవలసిన యువకునికి ఆ వెల చిన్నది కాదు. ఆ రూకలను కాదని చిత్రమును తుడిచివేయుట, బియ్యమును తిరిగి పోసినంత కష్టము. ఆ కష్టము పడినవాని పనియే కాయకము.

2020 నవంబరు 29వ తేదీన బహ్రెయిన్ దేశమున రొమేన్ గ్రోజాన్ కారు కంచెను ఢీకొని రెండు తునకలై మండెను. సుమారు 28 సెకనులు మంటలోనుండి అతడు ప్రాణములతో వెలువడెను. అతడు క్షేమమని తెలియువరకు ఆ దృశ్యమును ప్రసారకులు తిరిగి చూపలేదు. ఎచటనో ఇంట కూర్చున్న భార్యాబిడ్డలు చూచుచుందురన్న యెరుక ఆ నియమమున కలదు. క్షేమమని తెలిసిన పిమ్మట మాత్రము మరల మరల చూపిరి. తోడి పోటీదారుడైన డేనియల్ రికార్డో దానిని బహిరంగముగా ఖండించెను. ఒకే కెమెరా, ఒకే దృశ్యము. ఆపిననాడు వివేకము, పదేపదే చూపిననాడు అధికము.

ఈ విచారమంతయు పందెముల కొరకే యనుకొనరాదు. 2018 సెప్టెంబరు 11వ తేదీన కొండగట్టు కనుమదారిలో, పరిమితికి మించి జనమెక్కిన ఆర్టీసీ బస్సు లోయలో బడి అరువదిమందికి పైగా మరణించిరి. పూర్వపు కరీంనగరము జిల్లాలో ఆ దుఃఖమునెరుగని ఊరు లేదు. ఆ దారి వాలును, మలుపును, బస్సు స్థితిని చూపు చిత్రము విచారణకు అక్కరకు వచ్చును. రేపటి ప్రయాణికునికి మేలు చేయును. మృతుల ముఖములను చూపు చిత్రము ఎవరి కొరకు? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి చేతికి ఆ చిత్రము చేరిన నాడు, తీసినవాడు ఏమని సమాధానము చెప్పును?

నేడు ప్రతి జేబులోను కెమెరా కలదు. హైదరాబాదునుండి ఆదిలాబాదు పోవు రహదారిపై గాయపడినవాడు పడియుండగా, చుట్టు మూగినవారు ఫోనులెత్తి చిత్రించుట చూచుచునే యున్నాము. పందెపు బాటయందు కంచె దాటకుండుట నియమము. ఊరి బాటయందు కంచె లేదు, మార్షలు లేడు, వైద్యుని బండి ప్రక్కన లేదు. అచట చూచిన ప్రతివాడును బాటకాపరియే. మొదట 108కి చెప్పవలెను; వచ్చుబండ్లనాపవలెను; రక్తమునకు గుడ్డ నొక్కిపట్టవలెను. సాయము చేసిన చిక్కులలో పడుదుమను భయము పూర్వముండెను. 2016లో సుప్రీంకోర్టు రక్షణ నియమములను ఆమోదించెను. 2019లో మోటారు వాహనముల చట్టమున 134-ఎ సెక్షనును చేర్చి, సద్భావముతో తోడ్పడినవానిపై కేసు లేకుండునట్లు చేసిరి. ఇక చేతులు కట్టుకొని చూచుటకు సాకు లేదు.

చూచువాడు లేనిదే చూపువాడు లేడు. ఇంట కూర్చుండి అట్టి చిత్రమును తెరచి, మరియొకరికి పంపు వ్రేలును ఆ యధికపు బియ్యమును ఇంట దింపుకొనుచున్నది. కెమెరా పట్టిన యువకుడు తీసినదానిలో కొంత తిరిగి పోయవలె. ఇంటివారును లక్కమ్మవలె, “ఇది మనకు అక్కరలేదు, మరల పోసి రమ్ము” అని చెప్పవలె. అట్లు చెప్పు ఇల్లు ఒకటి వెనుకనున్నచో, పందెపు బాటయొద్ద నిలిచిన యువకుని కన్ను కూడ కాయకమే చేయును.